పగడపు దీవుల చెంత

మర్రిపాడు మెట్టసీమ స్త్రీలు తాళికి గ్రుచ్చుకొను పగడము నెఱుగుదురుగాని, పగడపుదిబ్బను చూచినవా రరుదు. (నగలలోని యెఱ్ఱపగడము వేఱుజాతి, అది మధ్యధరా సముద్రపులోతులది.) నెల్లూరికి తీరమున్నను దిబ్బలు లేవు. పెన్న, కృష్ణ, గోదావరులు తెచ్చి కలుపు మంచినీరును ఒండ్రును వానికి సరిపడవు. కావున వేసవిలో సముద్రజీవులను చదువగోరు విద్యార్థినులు రామేశ్వరపు దారిపట్టి మండపమున దిగుదురు.

మన్నారు సింధుశాఖలో కురుసడై మొదలగు దీవు లచ్చటివే. పోటు తీసినవేళ చూచినచో, ఱాయి యని తోచునదెల్ల వేలకొలది చిఱుప్రాణుల కాపురము! ప్రతిప్రాణియు సున్నముతో గూడు కట్టుకొనును. దాని యొంటిలో వసించు సూక్ష్మమైన నాచు ఎండవెలుగున నాహారము వండిపెట్టును. ఎంత చక్కని పొత్తు!

నీరు మితిమీఱి వేడెక్కెనా, నాచు వెడలిపోవును. దిబ్బ తెల్లబాఱి ఆకలిగొనును. 2010, 2016 వేసవులలో నిట్లే జరిగినది. వెనుక సున్నపుబట్టీలకై దిబ్బలను త్రవ్విరి; 21 దీవులలో రెండు మునిగినవి. 1986లో ఈ భాగమును జాతీయోద్యానముగా ప్రకటించిరి. ఇప్పుడు అటవీశాఖవారి యనుమతి లేక దీవిపై కాలిడరాదు.

తెల్లబాఱినదెల్ల చచ్చినది కాదు. కొన్ని వారములలో నీరు చల్లబడినచో నాచు మరల చేరును. ఏది తేఱుకొన్నదో, ఏది చచ్చినదో నీటిలో దిగి లెక్కవ్రాయుటయే యిచ్చటి వేసవిపాఠము.