నాన్న నడకలో ఇంటర్వెల్!

స్టూడియోల చుట్టూ తిరిగి, నాలుగు ముక్కలు రాసుకుని బతికే నాబోటి ఫ్రీలాన్సు జర్నలిస్టుకి లెక్కలతో పనేమిటండీ అంటారా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అసలు నేను బి.ఏ.లో చేరిందే లెక్కల బారి నుంచి తప్పించుకోవడానికి! అలాంటివాణ్ణి, 2024 డిసెంబరులో మూడు రాత్రుళ్ళు నిద్ర మానుకుని కంప్యూటరు ముందు కూచుని, మా నాన్నగారి నడకని అంకెలుగా విడగొట్టాను. ఎందుకో చెబుతాను, వినండి. ఇందులో సస్పెన్సు వుంది, కామెడీ వుంది, ఓ అబద్ధం కూడా వుంది.

మా నాన్నగారు రాజమండ్రిలో వుంటారు. రిటైరైన గుమాస్తా. షుగరుంది. రోజూ అరగంట చురుగ్గా నడవమన్నారు డాక్టరుగారు. హైదరాబాదులో వున్న నేను రోజూ వెంట నడవలేను కనక, ఆయన చేతికో స్మార్ట్ వాచీ కొని కట్టాను. ఎంత దూరం నడిచారో, ఎంత వేగంగా నడిచారో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో అన్నీ ఆ వాచీ రాసుకుంటుంది. ఎకౌంటు తెరిచింది నేనే కాబట్టి ఆ వివరాలన్నీ నా ఫోనుకీ వచ్చేస్తాయి. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగుతారుగదా, ఆ ఆగడం వల్ల సగటు వేగం పడిపోకూడదని ‘ఆటో పాజ్’ పెట్టాను. అంటే మనిషి ఆగితే వాచీ లెక్క కూడా ఆగుతుందన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రోజూ పొద్దున్నే ఫోన్లో ‘లక్ష్యం పూర్తయింది’ అంటూ మతాబులు! ముప్ఫై నిమిషాలు, చక్కటి సగటు వేగం. చూసుకుని నేనూ మురిసిపోయేవాణ్ణి.

ఇంతలో ఓరోజు అమ్మ ఫోన్లో మామూలుగా అంది. “ఈమధ్య మీ నాన్నగారు ఆలస్యంగా వస్తున్నార్రా. అరగంట నడకకి ముప్పావుగంట పడుతోంది.”

మరి ఫోనేమో ముప్ఫై నిమిషాలే అంటోంది! ఆ మిగతా పావుగంట ఏమైనట్టు?

అప్పుడు నాకు తట్టింది. ఫోన్లో కనిపించేది ట్రైలరు. మంచి మంచి షాట్లన్నీ ఏరి, మనకి నచ్చేలా అతికించింది. అసలు కథ తెలియాలంటే రషెస్ చూడాలి, అంటే వాచీ సెకన్ల వారీగా రాసుకున్న ఫైలు. దాన్ని ‘ఫిట్’ ఫైలంటారు. గార్మిన్ కంపెనీ వాళ్ళ ఫార్మాటది. దించుకుని నేరుగా ఎక్సెల్లో తెరిచాను. బాబోయ్! చుక్కలు, డబ్బాలు, పిచ్చి గీతలు! యంత్రం యంత్రంతో మాట్లాడుకునే భాష అది. మనుషుల కోసం రాసింది కాదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, అదే నడకని ‘టీసీఎక్స్’ రూపంలో దించుకోవడం. అది మామూలు అక్షరాల్లో వుంటుంది కనక ఎక్సెల్ కాస్త తంటాలు పడైనా చదువుకుంటుంది. రెండోది, ఫిట్ ఫైలుని కామాలతో విడదీసిన పట్టికగా, అంటే సీఎస్‌వీగా మార్చే పనిముట్టు వాడటం. గార్మిన్ వాళ్ళే ‘ఫిట్ సీఎస్‌వీ టూల్’ అని ఒకటి వూరికే ఇస్తున్నారు. నేను రెండో దారి పట్టాను. మొదటిసారి వచ్చిన పట్టికలో పేరు, విలువ, కొలత... మళ్ళీ పేరు, విలువ, కొలత... ఇలా అడ్డంగా గూడ్సుబండిలా సాగిపోయింది. ‘రికార్డ్’ అనే వరసలు మాత్రమే కావాలని అడిగాక శుభ్రంగా వచ్చాయి. టైము ఒక కాలమ్, దూరం ఒక కాలమ్, వేగం ఒకటి, గుండె ఒకటి.

ఐతే టైము కాలమ్ చూస్తే ఏముంది? నూటపది కోట్లు దాటిన ఓ అంకె! కంప్యూటర్లు చాలామటుకు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయని ఎక్కడో చదివాను. అలాగే లెక్కవేశాను. నాన్నగారు 2004 డిసెంబరులో నడిచారని తేలింది! ఇరవై ఏళ్ళు వెనక్కి! తీరా తెలిసిందేమిటంటే, ఫిట్ ఫైలు గడియారం 1989 డిసెంబరు 31 నుంచి మొదలవుతుందట. సినిమా భాషలో చెప్పాలంటే ‘శివ’ విడుదలైన ఏడాది ఆఖరి రోజు. ఆ సెకన్లని 86,400తో భాగించి, 1989 డిసెంబరు 31 తేదీకి కలిపితే ఎక్సెల్లో అసలు తేదీ వచ్చేస్తుంది.

వచ్చింది... మళ్ళీ గుండె ఝల్లుమంది. నాన్నగారు అర్ధరాత్రి 12 గంటల 20 నిమిషాలకి గోదావరి గట్టు మీద నడుస్తున్నారు! దెయ్యాల సినిమాలా వుందే అనుకున్నాను. అది కూడా నా తెలివితక్కువే లెండి. ఫైల్లో వుండేది ప్రపంచమంతటికీ ఉమ్మడి టైము. మన టైముకి అయిదున్నర గంటలు కలపాలి. కలిపితే తెల్లవారుజామున 5:50 అయింది. హమ్మయ్య!

ఇక అసలు పని. ప్రతి వరస టైములోంచి దాని పై వరస టైముని తీసేశాను. ఒక సెకను, మూడు సెకన్లు, అయిదు సెకన్లు... ఇలా వస్తూ వస్తూ వున్నట్టుండి ఒకచోట 538! అంటే తొమ్మిది నిమిషాలు. పక్క కాలమ్‌లో దూరం 640 మీటర్లు. అదీ సంగతి! నేను పెట్టిన ఆటో పాజ్ ఆ తొమ్మిది నిమిషాల్నీ ఎడిటరు కత్తెరేసినట్టు కత్తిరించి పారేసింది. ట్రైలర్లో అది ఎలా కనిపిస్తుంది మరి?

ఎక్కడ ఆగారో చూద్దామని స్థలం కాలమ్ తెరిచాను. అక్కడా డిగ్రీలు లేవు. ‘సెమీసర్కిల్స్’ అని పెద్ద పెద్ద అంకెలు. వాటిని 180తో గుణించి 2,14,74,83,648తో భాగిస్తే డిగ్రీలొస్తాయి. వాటిని మ్యాపులో పెట్టి చూస్తే... అక్కడికి నాలుగడుగుల్లో పునుగులబండి! ఆ బండి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

వెంటనే ఫోను కొట్టాను. “నాన్నగారూ, పునుగులు వేడిగా వుంటున్నాయా?”

అవతల ఓ క్షణం మాటలేదు. తర్వాత నవ్వు. “పట్టేశావట్రా! ఎప్పుడో ఒకటీ అరా... మీ అమ్మకి చెప్పకేం.”

చెప్పకుండా వుంటానా? చెప్పాను. అమ్మ చీవాట్లు పెట్టింది. ఆయన తలొంచుకుని పడ్డారట. డిటెక్టివ్ హీరోలా కాలరెగరేశాను నేను.

అక్కడితో ఆపేసి వుంటే ఇవాళ ఈ వ్యాసం ఇలా వుండేది కాదు. అంకెలు రుచి మరిగాయి కనక మూడు వారాల ఫైళ్ళూ మార్చి ఒకే పట్టికలో పేర్చాను. పద్ధెనిమిది నడకలు. గట్టుకి వెళ్ళిన రోజుల్లో 600, 700 మీటర్ల మధ్య ఆగారు. సరే, పునుగులే. కానీ ఊళ్ళోకి కోటగుమ్మం వైపు వెళ్ళిన రోజుల్లో కూడా 600, 700 మీటర్ల మధ్యే ఆగారు. అక్కడ ఏ బండీ లేదు. పైగా ఆగబోయే ముందు వంద మీటర్లలో వేగం కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. పునుగుల కోసం వెళ్ళేవాడు బండి దగ్గర పడేకొద్దీ జోరుగా నడుస్తాడుగానీ నీరసపడతాడా? మూడు ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఆ రోజుల్లో పక్కవీధి మేష్టారితో కలిసి, ఆయన మోకాళ్ళ నొప్పుల మూలాన నింపాదిగా నడుస్తారు. అదే గట్టు, అదే పునుగులబండి. అయినా ఆగలేదు!

అప్పుడు నా ఒంట్లో వణుకు పుట్టింది. ఆగుతున్నది చోటుని బట్టి కాదు, శ్రమని బట్టి!

మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి వెటకారం లేదు. “నిజం చెప్పండి నాన్నగారూ. నడుస్తుంటే ఏమవుతోంది?”

చాలాసేపటికి అన్నారు. “ఏం లేదురా... గుండెల మీద కాస్త పట్టేసినట్టుంటుంది. కాసేపు నిలబడితే అదే పోతుంది. మీరంతా కంగారు పడతారని...”

అదండీ ఆ అబద్ధం! చెయ్యని తప్పు ఒప్పుకుని, తినని పునుగులకి చీవాట్లు తిన్నారు మా నాన్నగారు. నా తెలివితేటల వల్లే ఆయనకో సాకు దొరికింది.

ఆ రాత్రే బండెక్కాను. మర్నాడు గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నా పట్టిక ప్రింటు తీసి బల్లమీద పెట్టాను. ఆయన ఓసారి చూసి పక్కన పెట్టి, నాన్నగారివైపు తిరిగి, “ఎంత దూరం నడిస్తే వస్తోందండీ?” అని అడిగారు. నాన్నగారు నావైపు చూశారు. “ఆరువందల నలభై మీటర్లు” అన్నాను నేను. డాక్టరుగారు నవ్వలేదు. ఈసీజీలో ఏమీ కనిపించలేదు. కూచుని వున్నప్పుడు తీసే ఈసీజీ మామూలుగా వున్నంతమాత్రాన గుండెకి ఏమీ లేదనుకోకూడదట. తర్వాత యాంజియోగ్రాం చేస్తే ఒక రక్తనాళం బాగా పూడిపోయిందని తేలింది. స్టెంటు వేశారు. ఇంటికొచ్చేశారు.

వచ్చేముందు డాక్టరుగారు నాతో ఒకమాటన్నారు. “మీ వాచీ జబ్బు కనిపెట్టలేదు. ఆయన చెప్పని మాటని చెప్పించింది, అంతే.” నిజమే. పట్టికలో వున్నది ఖాళీ మాత్రమే. ఆ ఖాళీలో ఏముందో నాన్నగారే చెప్పాలి. పునుగులని చెబితే నేను నమ్మేశాను గదా!

అందుకని మీకు చెప్పేదొకటే. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి వాచీ కడితే కట్టండి. మతాబుల్ని మాత్రం నమ్మకండి. నెలకోసారైనా ఆ ఫైలు విప్పి చూడండి. నడుస్తుంటే గుండె పట్టేసి, నిలబడితే తగ్గుతోందని ఎవరన్నా అంటే మాత్రం ఏ ఎక్సెలూ తెరవకండి. ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఇప్పుడు ఆటో పాజ్ తీసేశాను. ఫైళ్ళు మారుస్తూనే వున్నాను. నెలల తరబడి ఎక్కడా ఖాళీ లేదు. మొన్న ఒకరోజు మాత్రం గట్టు మీద ఏడు నిమిషాలు వేగం సున్నా! నా ప్రాణం పోయినంత పనైంది. వణుకుతూ ఫోన్ చేశాను.

“నాన్నగారూ! ఎందుకాగారు?”

“ఒరేయ్, ఈసారి నిజంగా పునుగులేరా!” అన్నారాయన.