వేపేరి పశువైద్యశాల

చెన్నపురిలో సెంట్రలు స్టేషనునకు సమీపముననే వేపేరి యను పేట గలదు. తెలుఁగువారి కీ పేట క్రొత్తది కాదు. బ్రౌనుదొరగారి తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చుపడినది ఇచ్చటి క్రైస్తవ జ్ఞానవ్యాప్తి సంఘమువారి ముద్రాక్షరశాలయందే. నేఁ డాపేటకు నిఘంటువులకై పోవువారు లేరు. కుక్కను ఒడిలో నుంచుకొని ఆటోలోఁ గూర్చుండినవారిని మాత్రము ఎక్కడికని యెవ్వరు నడుగరు. మద్రాసు పశువైద్య కళాశాలయు, దాని యాసుపత్రియు నచ్చటనే యున్నవి.

ఈ కళాశాల 1903లో డాబిన్ హాలను భవనమున ఆరంభమైనది. 1935లో మద్రాసు విశ్వవిద్యాలయముతోఁ జేరి, పశువైద్యమునఁ బట్టమిచ్చుట మనదేశమున మొదటఁ బ్రారంభించినదియు నిదియే. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడకమునుపు నెల్లూరు, గుంటూరు, గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే కాఁబట్టి, ఆ దినములలో మన యూళ్లకు వచ్చిన పశువైద్యులలోఁ బలువు రిచ్చటఁ జదివినవారే. మన సోదరీమణు లెఱుఁగఁదగిన సంగతి మఱియొకటి కలదు. మనదేశపు తొలి స్త్రీ పశువైద్యురాలని ప్రసిద్ధిఁ గాంచిన శక్కుబాయి రామచంద్రన్ గారు 1952లోఁ బట్టము పుచ్చుకొన్నది ఈ కళాశాలనుండియే. సీమలో నింతకంటె మేలేమియు జరుగలేదు. ఐర్లండు దేశస్థురాలగు అలీన్ కస్ట్ అను నామె 1900 నాఁటికే చదువు ముగించినను, ఆఁడుదన్న కారణమున ఆమెకు 1922 వఱకు పట్టా యీయరైరి.

మన ప్రాచీనులు పశువైద్యము నెఱుఁగనివారు కారు. శాలిహోత్రుఁడు గుఱ్ఱములకును, పాలకాప్యుఁ డేనుఁగులకును శాస్త్రము చెప్పిరి. విరాటుని కొలువున నకులుఁ డశ్వములను, సహదేవుఁడు గోవులను సాఁకిరి. కుక్కకును పిల్లికిని వైద్యము చెప్పిన గ్రంథము మాత్రము నేను చదివినవానిలోఁ గానరాదు. యుద్ధమునకుఁ బనికివచ్చునవియు, పాడి నిచ్చునవియు వైద్యమునకు నోఁచుకొన్నవి కాఁబోలు! అయినను భారతమున ఆదిపర్వారంభముననే సరమ యున్నది గదా. ఏ తప్పును చేయని తన కొడుకును జనమేజయుని తమ్ములు కొట్టిరని, ఆ దేవశుని యాగశాలకే వచ్చి, మీకు ఊహింపని భయము కలుగునని చెప్పిపోయినది. కుక్క నొడినిడుకొని బల్లలపైఁ గూర్చుండిన తల్లులను ఈ యాసుపత్రిలోఁ జూచినప్పుడెల్ల నాకు సరమయే జ్ఞప్తికి వచ్చును.

ఉదయముననే చీటీల కిటికీయొద్ద వరుస యేర్పడును. చీటీపై జంతువు పేరు, జాతి, వయస్సు, యజమాని పేరు వ్రాయుదురు. ఆవులకును గుఱ్ఱములకును వేఱుచోటు. కుక్కలు, పిల్లులు, కుందేళ్లు, చిలుకలు చేరు చోటు వేఱు. పెద్దవైద్యులకంటె ముందు, చదువు ముగియవచ్చిన విద్యార్థులు రోగిని చూచి, జ్వరము కొలిచి, ప్రశ్నలడిగి, చీటీపై వ్రాసికొందురు. ఒకే సంగతిని ముగ్గురకుఁ జెప్పవలసివచ్చెనని విసుగుకొనువా రున్నారు. నాకు మాత్రము ఆ మూఁడవమాఱు అడుగుటయందే మేలు కలదని తోఁచినది. కారణము చెప్పెదను.

మా యత్తగారు పెంచిన గౌరి యను కుక్కకు ఎనిమిదేండ్లు. ఎదకు వచ్చిన యాఱువారములకు అది అన్నము ముట్టక, ఎడతెగక నీరు త్రాగసాగెను. మా పేటలోని యొక ప్రైవేటు వైద్యశాలలో (పేరేల?) చేయి వేసి చూడకయే అజీర్ణమని మాత్రలిచ్చి పంపిరి. నాలుగవనాఁటికి తోఁకక్రింద చీము కానవచ్చెను. వేపేరికిఁ గొనిపోతిమి. జ్వరము నూటనాలుగు డిగ్రీలుండెను. కుక్కకు స్వభావముగా నూటయొకటి మొదలు నూటరెండున్నర వఱకు వేఁడి యుండును గాన, మనుష్యుల లెక్కతోఁ జూచి కంగారుపడరాదు, కాని నూటనాలుగు జ్వరమే. మూఁడవదిగా నడిగిన బాలిక మాత్రము, "కడపటి యెద యెప్పుడు వచ్చినదమ్మా?" అని యడిగెను. ఆ ప్రశ్న యింతకుముందెవ్వరు నడిగియుండలేదు.

స్కానింగు చేసి చూడఁగా గర్భాశయము చీముతో నిండియుండెను. వైద్యురాలు చిత్తూరు జిల్లా పిల్ల. తెలుఁగుననే విప్పి చెప్పినది. ఎద ముగిసినపిదప, చూలైనను కాకున్నను, ఇంచుమించు రెండునెలలు ప్రొజెస్టిరోన్ అను రసము శరీరమున నెక్కువగా నుండును. దానివలన గర్భాశయపు లోపలిపొర దళసరియై, సూక్ష్మజీవులకు నెలవగును. ప్రతి యెదకును ఆ పొర మఱింత చెడును గనుకనే నడివయసు దాఁటిన కుక్కలకీ జబ్బెక్కువ. గర్భాశయపు నోరు తెఱచియున్నచో చీము వెలికి వచ్చి మనకుఁ దెలియును. మూసికొన్నచో ఏమియుఁ గానరాదు. అది మఱింత యపాయము. మందులతో నణఁచినను తిరిగివచ్చుటయే తఱచు. అండాశయములతోఁగూడ గర్భాశయమును దీసివేయుటయే చికిత్స.

"ఆఁడుదాని గర్భసంచి తీసివేయుదురా? పాపము కాదటమ్మా?" యని మా యత్తగా రడిగిరి.

"అవ్వా, అది యిప్పుడు సంచి కాదు, పుండు. ఉంచితిమా, విషము నెత్తురున కెక్కును. అయితే మత్తుమందుకూడ ఈ జ్వరమున, ఈ వయసున అపాయములేనిది కాదు. సంతకము చేయకముందే మీరు రెండును వినవలయును."

"నీ కుక్కయే యైనచో ఏమి చేయుదువమ్మా?"

"ఈ గంటలోనే కోయుదును అవ్వా."

బ్యాంకు కాగితముపైఁగూడ కొడుకు లేక వ్రేలుపెట్టని మా యత్తగారు ఆ కాగితముపైఁ దామే సంతకము చేసిరి.

ఇచ్చట ఆ పట్టుకొనువానిఁ గూర్చి చెప్పవలయును. కుక్కలను బల్లపై కెక్కించి పట్టుకొనుట పనిగాఁగల వృద్ధుఁడొకఁడుండెను. గౌరి మూతికి మెత్తని గుడ్డపేలికతో ముడివేసి, ఒకచేయి మెడక్రిందను, మఱియొకచేయి కడుపునకుఁ దగులకుండ తొడలక్రిందను జేర్చి, అరవమున దాని చెవిలో నేదో చెప్పుచు నిలుచుండెను. సూది గ్రుచ్చినప్పుడు గౌరి కదలలేదు. యంత్రములును మందులును డబ్బున్న తావులందెల్ల దొరకును. నా యభిప్రాయమున నట్టి చేతులే వైద్యశాలకుఁ బ్రాణము. అతని పేరు ఏ బోర్డుమీఁదను నేను చూడలేదు.

శస్త్రచికిత్స జరిగినంతసేపు బల్లపై నా ప్రక్కఁ గూర్చున్న యొక తల్లి, గౌరి రోగలక్షణముల నన్నింటిని శ్రద్ధగా నడిగి, కొంతసేపు మిన్నకుండి, తనకే యాఱునెలలనుండి ఋతుదోష మున్నదనియు, వైద్యురాలియొద్దకుఁ బోవ సిగ్గుపడి మానితిననియు మెల్లఁగాఁ జెప్పెను. ఆమె కుక్కకు మాత్రము ఆ నెలలో నది మూఁడవరాక. మనము నోరులేని జీవమునకైన ఇంటివారిని పోరి కారెక్కింతుము గాని, మన కడుపునొప్పిని మాత్రము పోపులడబ్బా వెనుక దాఁచుకొందుము. గోషా యాసుపత్రి యని పేరొందిన కస్తూర్బా గాంధి స్త్రీల యాసుపత్రికిఁ బోవు దారి ఆమెకుఁ జెప్పితిని.

గౌరి బ్రదికినది. తీసిన గర్భాశయమును పళ్లెమునఁ జూపించిరి. చేతిమణికట్టంత లావున రెండుకొమ్ములుగా నుబ్బియుండెను. మా యత్తగారు ముఖము త్రిప్పుకొనక చూచి, "ఇంత మోసితివా, తల్లీ!" యనిరి. కుట్లు నాకకుండ మెడకు గరాటువంటి పట్టీ వేసిరి. పది దినములకుఁ గుట్లు విప్పిరి. బిడ్డలు వలదనుకొన్న కుక్కకు పడుచుతనముననే ఈ శస్త్రము చేయించినచో ఈ జబ్బు భయముండదని వైద్యురాలు చెప్పిన మాటను, కుక్కను పెంచు సోదరీమణులకు నేనును జెప్పుచున్నాను.

ఈ యాసుపత్రిలో కుక్కలకు నెత్తురెక్కించుటయుఁ గలదు. పిడుదులవలన వచ్చు జ్వరములతో పాలిపోయిన కుక్కలకు, బలిష్ఠమైన వేఱొక కుక్క నెత్తు రిత్తురు. ఇక టీకాలమాట: పిచ్చికుక్కకాటునకు పాశ్చర్ మహాశయుఁడు 1885లో మనుష్యులకు టీకా వేసెను. నేఁటికిని ఆ రోగలక్షణములు పైకి వచ్చినపిదప రక్షించుట దాదా పసాధ్యము. కుక్కపిల్లకు మూఁడవనెలలో మొదటి టీకా, పిదప వైద్యుఁడు చెప్పిన గడువున మఱియొకటి, ఆపై ఏఁటేఁట వేయింపవలయును. ఎవరినైనఁ గఱచినచో పసుపు, సున్నము, కారము పూయక, గాయమును సబ్బుతో పాఱునీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆనాఁడే మనుష్యుల యాసుపత్రికిఁ బోవలయును. ఇంటిలోని పారసిటమాలు మాత్రను పిల్లికిఁ బెట్టరాదు. మన పిల్లలకు జ్వరము దింపు నా మాత్రయే పిల్లికి విషము.

పిల్లులను ఒడిలో నెత్తుకొని పోవలదు, మూఁతగల బుట్టలోఁ గొనిపోవుఁడు. మేము పోయిననాఁడు ఒక తెల్లపిల్లి కుక్కల యఱపులకు జడిసి, యజమానురాలి భుజముమీఁదినుండి దుమికి ఆవరణలోని చెట్టెక్కెను. ఆమె క్రింద నిలిచి పేరుపెట్టి పిలుచుచుండఁగా, మా గౌరిని పట్టుకొన్న యా వృద్ధుఁడే వచ్చి, కుక్కల నావలికి దీసికొనిపొండని యందఱకుఁ జేసైగ చేసి, చెట్టుక్రింద బుట్ట తెఱచి పెట్టి, తాను దూరముగాఁ బోయి బీడీ ముట్టించుకొనెను. అరగంటకు పిల్లి తనంతఁదానే దిగి బుట్టలోఁ జేరినది.