మూడవ బకెట్టు

కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలన్నారు. నా విషయంలో కందకు దురద ఉన్నమాట నిజమే; అయితే చుట్టూ ఉన్న కత్తిపీటలన్నిటికీ కూడ ఉండేది. వేపాకు నూరి పూయమన్నవారొకరు, వంకాయ మానమన్నవారొకరు, “అబ్బాయి రోజూ స్నానం చేస్తాడా?” అని మా అమ్మీని అడిగినవారు మరొకరు. మొదటి రెండు సలహాలు నన్ను బాధించలేదు. మూడవ ప్రశ్న మాత్రం అమ్మీ మనసును గాయపరచింది.

నాకు ఐదవయేట మొదలైన ఈ వ్యాధిని వైద్యులు ఎగ్జిమా అంటారు. మోచేతి మడతలలో, మోకాళ్ల వెనుక, మెడ చుట్టూ చర్మం పొడిబారి, ఎర్రబడి, గోకగా గోకగా దళసరి అవుతుంది. దీనిని మా ఇంట్లో ఖుజ్లీ అనేవారు. వీధిలో గజ్జి అనేవారు. బడిలో తామర అనేవారు. చిక్కంతా ఈ పేర్లలోనే ఉంది. గజ్జి కంటికి ఆనని పురుగు వలన, తామర శిలీంధ్రం వలన కలుగుతాయి. అవి ఒకరి నుండి ఒకరికి అంటుకుంటాయి. ఎగ్జిమా అంటువ్యాధి కాదు. ఉబ్బసం, ఎడతెగని తుమ్ములు ఉన్న కుటుంబాలలో ఇది తరచు కనిపిస్తుంది. చర్మపు పైపొరను పటిష్ఠంగా నిలిపే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తుకు సంబంధించిన జన్యులోపానికీ, ఈ వ్యాధికీ సంబంధమున్నదని శాస్త్రజ్ఞులు 2006లో కనుగొన్నారు. సున్నం రాలిన గోడలోకి చెమ్మ దిగినట్లు అటువంటి చర్మంలోకి సబ్బు సులభంగా దిగుతుంది. లోపలి తేమ బయటికి పోతుంది.

ఇదంతా నాకప్పుడు తెలియదు. 2023లో హాస్టలులో చేరిన వారం రోజులకే నా గదిమిత్రుడు ఒక రాత్రి ఏమీ అనకుండా తన పరుపును అవతలి గోడ వైపునకు జరుపుకున్నాడు. ఏదైనా అని ఉంటే జవాబు చెప్పి ఉండేవాడిని. జరిపిన పరుపుకు జవాబేమి చెప్పగలను? అంత ఉక్కపోతలోనూ పొడుగుచేతుల చొక్కాలు తొడిగి తిరిగాను.

దసరా సెలవులకు వెళ్లి ఈ సంగతి చెప్పగా, అమ్మీ నా బట్టల మీద యుద్ధం ప్రకటించింది. ఒక చెంచా పొడి వేసే చోట మూడు చెంచాలు వేసింది. దానిపై బారుసబ్బు రుద్దింది. చివరగా పరిమళద్రవంలో ముంచింది. మా బోరునీటిలో సబ్బు సరిగా నురగదు; నురగలేదని మరికొంత రుద్దేది. చొక్కాలు మల్లెపూలవలె తెల్లబడ్డాయి. నా వీపు మాత్రం నిప్పులు పోసినట్లుండేది.

చివరకు ఒక చర్మవైద్యురాలి వద్దకు వెళ్లాము. ఆమె నా వీపు చూచి, పిమ్మట అమ్మీని చేతులు చూపమన్నారు. అమ్మీ చెంగు చాటున దాచుకోబోయింది. వేళ్ల సందులు పగిలి నెత్తురు చారలు కట్టి ఉన్నాయి. మాతో ఎన్నడూ చెప్పలేదు.

“బట్టలు ఎన్నిసార్లు జాడిస్తావమ్మా?”

“ఒక్కసారే డాక్టరమ్మా. నీళ్లకు కరవు.”

“మురికి ఎప్పుడో పోయింది. మిగిలింది సబ్బే” అన్నారామె.

ఆమె చెప్పినది ఇది. చర్మం స్వభావతః కొద్దిపాటి ఆమ్లగుణం కలది. బట్టల సబ్బు క్షారగుణం కలది. బట్టలో నిలిచిన సబ్బు చెమటతో కరిగి రోజంతా ఒంటిని తాకుతుంది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా పోగులలో చేరుతాయి. కనుక పొడి తగ్గించి, జాడింపు పెంచాలి. పరిమళద్రవం మానాలి. సీసా మీద “వాసన లేనిది” అని ఉంటే చాలదు. అసలు వాసనను కప్పే పరిమళం అందులో ఉండవచ్చు. పరిమళద్రవ్యాలు కలపలేదని స్పష్టంగా ఉండాలి. ద్రవరూపపు సబ్బు నీటిలో తేలికగా కరుగుతుంది గాని, అందులో నిలువ కొరకు కలిపే మిథైల్ ఐసోథయాజోలినోన్ వంటి రసాయనాలు కొందరికి పడవు. కుంకుడురసం ప్రకృతిసిద్ధమైనదే, అయినా అందరికీ సరిపడుతుందని చెప్పలేము. కొత్త చొక్కాను ఉతకనిదే తొడగరాదు.

దురదకు ఆమె చెప్పిన ఉపాయాలు ఇంకా సులభం. గోకడంలో క్షణం సుఖమున్నది; కాని గోకినకొద్దీ చర్మం చెడి దురద పెరుగుతుంది. కనుక గోళ్లు కురచగా కత్తిరించుకొని, చల్లని తడిగుడ్డ వేసి అరచేతితో అదిమి పట్టాలి. గోరువెచ్చని నీటితో పది నిమిషాలలో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దక అద్దుకొని, తడి పూర్తిగా ఆరకముందే వాసెలిన్ వంటి లేపనం పూయాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడు కలిసిన లేపనాలు వైద్యుని సలహా లేక వాడితే చర్మం పలుచబడుతుంది.

నా వ్యాధి పూర్తిగా పోలేదు. అది అటువంటి వ్యాధి కాదు. కాని రాత్రులు నిద్ర పడుతున్నది. ఇంటికి వెళ్లినప్పుడు బట్టలు నేనే జాడిస్తాను. మూడవ బకెట్టు నీరు తేటగా మిగిలేదాకా విడువను. అమ్మీ ఉతికేటప్పుడు లోపల నూలు తొడుగులు, పైన రబ్బరు తొడుగులు వేసుకుంటున్నది. ఆమె వేళ్లు మానుతున్నాయి.

హాస్టలుకు తిరిగివచ్చి నా గదిమిత్రునికి ఈ సంగతులన్నీ చెప్పాను. అతడు ఆ రాత్రి పరుపును మరల యథాస్థానానికి జరిపాడు. అప్పుడూ ఏమీ అనలేదు.

సోదర విద్యార్థులారా! మీ పక్కవాని చేతిమీద పొలుసులు కనిపిస్తే పరుపు జరుపక ముందు ఒక్కమాట అడుగండి. కళాశాల కమిటీ పెద్దలకు నాదొక చిన్న విన్నపం. హాస్టలు వెనుక బట్టలుతుకు రాళ్లవద్ద ఉన్నది ఒకే కుళాయి. ఉదయం దానికడ వరుసలో నిలిచినవానికి రెండవ బకెట్టే గగనం. మరొక్క కుళాయి వేయించగలరా?