గడియారం చూసుకున్నాను, అమ్మను చూసుకోలేదు

ఎండాకాలం సెలవులు రాగానే నా దగ్గరకు వచ్చే వాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "డాక్టరుగారూ, పిల్లల్ని వాటర్ పార్కుకు తీసుకెళ్తున్నాం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" నేనూ గడగడా చెప్పి పంపేవాణ్ణి. కాని చెప్పడం వేరు, చెయ్యడం వేరు. ఆ తేడా నాకు తెలిసొచ్చిన రోజు సంగతి ఇవాళ మీకు చెబుతాను.

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక ఆదివారం. నార్సింగి, కోకాపేట, గండిపేట దాటి శంకర్‌పల్లి రోడ్డు మీద దొంతన్‌పల్లి వైపు వెళితే నీటి ఆటల పార్కు ఉంది. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ బయలుదేరాం. అంత డబ్బు పోసి టిక్కెట్లు కొన్నాం కదా, ఒక్క ఆట కూడా వదలకూడదని ముందురోజు రాత్రే కాగితం మీద టైమ్‌టేబుల్ రాశాను. ఏ గంటకు ఏ జారుడుబల్ల, ఎన్నింటికి భోజనం, అంతా లెక్కే. మా ఆవిడ చూసి, "ఇది షికారా, ఆపరేషన్ల లిస్టా?" అని నవ్వింది.

ఒంటిగంటకు భోజనమని రాసుకున్నాను. కాని ఒక పెద్ద జారుడుబల్ల దగ్గర క్యూ కదల్లేదు. "ఇదొక్కటి అయ్యాక తిందాం" అన్నాను. "నాకేం ఆకలి లేదురా, పిల్లల్ని ఆడుకోనీ" అంది అమ్మ. ఆమెకు పన్నెండేళ్ళుగా షుగరు జబ్బు. పొద్దున్నే మాత్ర వేసుకుంది.

రెండు కావస్తుండగా మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, నాన్నమ్మ ఏదోలా మాట్లాడుతోంది" అన్నాడు. వెళ్ళి చూస్తే అమ్మ బెంచీ మీద వణుకుతోంది. నన్ను మా తమ్ముడి పేరుతో పిలిచి విసుక్కుంది. చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి, చలేమో అనుకున్నాను. చూడండి, డాక్టరుననిపించుకునే వాణ్ణి! నుదురు ముట్టుకుంటే చల్లటి చెమట. అప్పుడు తెలిసింది, షుగరు పడిపోయిందని.

గ్లూకోజు పొట్లం తెచ్చాను. అది లాకర్లో ఉంది. తాళంచెవి మా ఆవిడ చేతికుంది. ఆమె పాపతో అలల కొలనులో ఉంది! పక్క బెంచీ మీదున్న ఒక తల్లి, తన బిడ్డ కోసం కొన్న మామిడి రసం చటుక్కున అందించింది. పావుగంటకు అమ్మ నన్ను గుర్తుపట్టి, "మీరు తిన్నార్రా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

కొన్ని రకాల షుగరు మాత్రలు, ఇన్సులిన్ మీరు తిన్నారా లేదా అని చూడవు. వాటి పని అవి చేసుకుపోతాయి. వణుకు, చెమట, గుండెదడ, చిరాకు, మాట తడబాటు కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి. మూడు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి.

అందరం అన్నం తిన్నాక నా కాగితం చింపేశాను. నాలుగింటికి పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో, పైనుంచి బక్కెట్టు ఒలికే చోట కూలబడ్డారు. అదే ఆట, గంటసేపు. గట్టు మీద నీడన కూర్చున్న అమ్మ మీద నీళ్ళు చల్లితే ఆమె పకపకా నవ్వింది. మా పిల్లలు ఈనాటికీ చెప్పుకునేది ఆ గంట గురించే. అది నా టైమ్‌టేబుల్లో లేదు.

అలాగని ఏ ఏర్పాటూ లేకుండా వెళ్ళమనడం లేదు. శరీరానికి కావలసినవి ముందే నిర్ణయించుకోండి. ఆటలు పిల్లల ఇష్టానికి వదలండి. భోజనం, మందుల వేళ తప్పకూడదు. నీళ్ళలో ఆడుతున్నా చెమట పడుతుంది, దాహం తెలియదు. కాబట్టి అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి. మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఉండండి. మునిగిపోయే బిడ్డ చాలాసార్లు కేక కూడా వెయ్యలేదు. చిన్నపిల్లలకు చేయి చాచితే అందేంత దూరంలో పెద్దవాళ్ళొకరు ఉండాలి. ఎవరు ఎప్పుడు కాపలా అన్నది ముందే అనుకోండి. గుండెజబ్బు, మూర్ఛ, మెడ లేక నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణీలు పెద్ద జారుడుబల్లలు ఎక్కవద్దు. ఆ మాట ఇంట్లోనే తేల్చుకుంటే క్యూలో మొహమాటపడే పని ఉండదు. బయటి తిండి, నూలు బట్టలు అనుమతిస్తారో లేదో ఫోనుచేసి కనుక్కోండి. తడవని కవరులో గ్లూకోజు మీ ఒంటి మీదే ఉంచుకోండి.

రావిర్యాల వండర్‌లాకు వెళ్ళినా, రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళినా ఇదే పద్ధతి.

ఇప్పుడు మేము వెళ్ళేటప్పుడు కాగితం మీద నాలుగే ముక్కలు రాస్తాను: అమ్మ మాత్ర, భోజనం, నీళ్ళు, తప్పిపోతే కలుసుకునే చోటు. మిగతా కాగితం ఖాళీ. మీరూ అలా వెళ్ళి రండి.