వేయి మళ్లు

వరిపొలమనగానే మన డెల్టావాసుల మనస్సున మెదలునది కనుచూపుమేర పఱచుకొన్న చదునునేల. నీరు నిలుచుటకు చదును కావలెను. చదును లేనిచోట మనుష్యుడే దానిని కల్పించుకొనవలెను. ఆ కల్పన కెంత శ్రమ పట్టునో 2019వ సంవత్సరమున జపాను దేశపు నోటో ద్వీపకల్పమున, వాజిమా పట్టణమునకు చేరువనున్న షిరొయొనె సెన్‌మైదాను దర్శించినప్పుడు మాకు బోధపడినది. సెన్‌మైదా యనగా వేయి మళ్లు, లెక్కకు 1004.

బాటపై నిలిచి క్రిందికి చూచితిమి. కొండవాలు మెట్లుమెట్లుగా సముద్రతీరము వఱకు దిగుచున్నది. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క మడి. కొన్ని మా తరగతిగదిలో సగమైన లేవు. వానిలో యంత్రము తిరుగుటకు తావు లేదు. నాటుట, కోయుట చేతిపనియే. పై మడి నీరు క్రింది మడికి దిగును. పైవాడు గట్టును ఉపేక్షించినచో క్రిందివాని పైరు చెడును. ఇరుగుపొరుగుల సఖ్య మచ్చట నీతిబోధ కాదు, సేద్యములో నొక భాగము.

అచ్చట నొక కథ చెప్పుకొందురు. ఒక రైతు సాయంకాలమున తన మళ్లు లెక్కింపగా ఒకటి తక్కువైనదట. ఎంత వెదకినను కానరాక, ఇంటికి పోవుటకై నేలపై నుంచిన గడ్డి వానకప్పును ఎత్తగా, తప్పిన మడి దాని క్రిందనే యున్నదట! నవ్వు వచ్చును గాని, అంత చిన్న మడినైనను విడువక లెక్కించిన వాని పేదఱికమును తలచినచో నవ్వు నిలువదు.

2001లో ఆ దేశప్రభుత్వము దీనిని రమణీయస్థలముగా ప్రకటించినది. 2011లో ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ నోటో సేద్యపద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. కాని బిరుదులు గట్లు వేయవు. పల్లెలలో యువకులు తగ్గి వృద్ధులు మిగులగా, పట్టణవాసులు రుసుము చెల్లించి యొక్కొక్క మడికి పోషకులై, నాట్లకును కోతలకును తామే వచ్చు ఏర్పాటు జరిగినది.

2024 జనవరి 1వ తేదీన 7.6 పరిమాణము గల భూకంపము నోటోను కుదిపినది. మళ్లు బీటలు వాఱినవి. ఆ యేటి వసంతమున 1004 మళ్లలో నాటగలిగినవి సుమారు 120 మాత్రమే. సెప్టెంబరులో కుండపోతవాన మరల నష్టము కలిగించినది. ఇండ్లు కోల్పోయిన ప్రాంతమున ఆ 120 మళ్లైనను ఎవరు నాటిరి? దృశ్యము నవలోకించి మరలిపోయిన మావంటివారు కారు.

చదువరులారా! మనలో పొలమును వర్ణింపగలవారు పెక్కురు; అడుసులో కాలు మోపుట గౌరవహాని యని తలచువారును వారే. చదువుకొన్న బిడ్డ పొలమునకు పోరాదని తల్లిదండ్రులు కోరుదురు. ఉపాధ్యాయులమైన మేమును సోమరి బాలుని దండింపవలసినప్పుడు "నాగలి పట్టుదువు పో" యని బెదరింతుము. శిక్షగా బోధింపబడిన వృత్తిని ఏ బాలుడు ప్రేమించును? ప్రతి పాఠశాలయు తన యూరి యొక మడిని ఏటేట నాటి కోయునట్లు ఏర్పఱచుకొన్నచో, ఆ బెదరింపు మన నోట నిలువదు. అన్నము పెట్టు చేతిపై గౌరవము బాలుర కలవడును.