కాడుగోడిలో నాలుగు బీరువాలు, ఒకే జాబితా

బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్‌లో తూర్పు కొసన ఆఖరి స్టేషను వైట్‌ఫీల్డ్ (కాడుగోడి). రెండు స్టేషన్ల ముందు కాడుగోడి ట్రీ పార్క్ అని ఇంకొకటి ఉంది. కొత్తవాళ్లు అక్కడే దిగిపోయి ఆటో కోసం వెతుక్కుంటుంటారు. మెట్రో 2023లో వచ్చింది గానీ తెలుగు అంతకు చాలా ముందే వచ్చింది. సత్యసాయి బృందావనానికి వచ్చే భక్తులూ, కోలారు, చిత్తూరు వైపు నుంచి పనికి వచ్చినవాళ్లూ ఇక్కడ ఎప్పటినుంచో తెలుగు మాట్లాడుతున్నారు. ఐటీ పార్కులు లేచాక గుంటూరు, కరీంనగర్, విజయనగరం యాసలు కూడా కలిశాయి. ఇంత తెలుగు వినబడే చోట తెలుగు పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, తెలిసిన ఒకాయన హోప్ ఫారం దాటాక ఉన్న ఒక అపార్ట్‌మెంటు క్లబ్ హౌసుకు నన్ను పంపించారు.

గేటు దగ్గర పేరు, ఫోను నంబరు, ఎవరింటికి అన్నీ రాయించుకున్న సెక్యూరిటీ అతను మదనపల్లె మనిషి. "లైబ్రరీకా సార్? టేబుల్ టెన్నిస్ రూము పక్కన" అని దారి చూపించాడు. లోపల ఇనుప బీరువాలు, ఒక టేబులు, ఎవరో ఇచ్చేసిన పాత కంప్యూటరు, బార్‌కోడ్ రీడరు. దీన్ని నడిపేది ముగ్గురు: అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన ఒక టీచరమ్మ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న ఒకమ్మాయి. "మా పేర్లూ, అపార్ట్‌మెంట్ల పేర్లూ రాయొద్దండీ. అసోసియేషన్ మీటింగులో దానికో పంచాయితీ అవుతుంది" అన్నారు పెద్దాయన నేను కూర్చోకముందే. కాబట్టి రాయను.

వీళ్ల దగ్గర చూడదగ్గది పుస్తకాల సంఖ్య కాదు. కాడుగోడి, బెళతూరు, చన్నసంద్ర, సీగేహళ్లి, ఈ నాలుగు చోట్లా నాలుగు అపార్ట్‌మెంట్లలో విడివిడిగా తెలుగు పుస్తకాల బీరువాలు ఉండేవి. వీళ్లు పుస్తకాలను ఒకచోటికి చేర్చలేదు, జాబితాను మాత్రం ఒకటి చేశారు. ఎవరి బీరువా వాళ్లదే, తాళం వాళ్ల దగ్గరే. ఏ పుస్తకం ఎక్కడుందో మాత్రం నలుగురికీ తెలుస్తుంది.

"కలిపి చూసేదాకా మాకు తెలియలేదండీ, నాలుగు చోట్లా అవే పుస్తకాలు" అన్నారు టీచరమ్మ. మహాప్రస్థానం నాలుగు చోట్లా ఉంది. అందరూ చదివేసిన సీరియల్ నవలలు నాలుగు చోట్లా ఉన్నాయి. ఇళ్లు మారేవాళ్లు ఇచ్చిపోయేవి అవే, చందాలు పోగుచేసి కొనేవీ అవే. కారా (కాళీపట్నం రామారావు) కథలు అడిగినవాళ్లకు నాలుగు చోట్లా లేదనే జవాబు. జాబితా కలిశాక కొనుగోళ్లు పంచుకున్నారు: ఒక చోట కథలు, ఒక చోట చరిత్ర, ఆత్మకథలు, ఒక చోట పిల్లల పుస్తకాలు, కాడుగోడి వాటాకు పాత పుస్తకాలు. ఉన్న డబ్బే, పుస్తకాల్లో రకాలు పెరిగాయి. పెద్ద పెద్ద గ్రంథాలయాల కూటములు చేసేదీ ఇదే.

అసలు కష్టం పేర్లతో వచ్చింది. అమ్మాయి తెర మీద చూపించింది. ఒకరు చలం అని ఎక్కించారు, ఇంకొకరు గుడిపాటి వెంకటచలం అని, మూడోవారు ఇంటిపేరు చివర పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో. యంత్రానికి వీళ్లు ముగ్గురు. రావిశాస్త్రీ, రాచకొండ విశ్వనాథశాస్త్రీ ఒకరేనని దానికి ఎవరు చెప్పాలి? బీనాదేవి సంగతి దీనికి తలకిందులు: పేరు ఒకటి, రాసింది భార్యాభర్తలిద్దరు. అందుకని ఒక్కో రచయితకు ఒక ఖాయమైన పేరు పెట్టుకుని, మిగతా పేర్లన్నీ దానికిందకు వచ్చేలా కట్టారు. లైబ్రరీ చదువు చదివినవాళ్లకు ఇది మొదటి పాఠమే. వీళ్లు మాత్రం దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఇప్పుడు ఏ పేరుతో వెతికినా పుస్తకం తేలుతుంది.

ఇంగ్లీషు పుస్తకమైతే వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ గీతల మీద రీడరు పెడితే వివరాలన్నీ ఇంటర్నెట్టు నుంచి దిగిపోతాయి. ఎవరో ఎక్కడో ఒకసారి రాసిపెట్టిన వివరాలను ప్రపంచమంతా వాడుకోవడం అది. 1960లలో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ఆవిడ కార్డు మీది సమాచారాన్ని యంత్రం చదివే తీరులో పేర్చడంతో మొదలైన సౌకర్యం. పాత తెలుగు పుస్తకాలకు ఆ అంకె లేదు. కొత్తవాటిలో ఉన్నా, చాలాసార్లు పుస్తకం వివరాలు ఎక్కడా ఎక్కి ఉండవు. "ఒక్కొక్కటీ చేత్తో కొట్టాల్సిందే అంకుల్. కొన్నింట్లో అచ్చయిన సంవత్సరం కూడా ఉండదు" అంది అమ్మాయి. మన ప్రచురణకర్తలను నేను దీనికి క్షమించలేను. ముందుమాటలు అయిదు వేస్తారు, ఎన్నో ముద్రణో ఒక్క ముక్క వేయరు.

జాబితాకు వీళ్లు వాడుతున్నది కోహా. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయ ట్రస్టు, పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటి పనిచేయదన్న భయంతో 1999లో రాయించుకుని, అందరికీ ఉచితంగా వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఇది. అమెరికాలో జార్జియా రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. అక్కడి ప్రజా గ్రంథాలయాల కూటమి పేరు పైన్స్. 250కి పైగా గ్రంథాలయాల భారం మోసే సాఫ్ట్‌వేర్ బజారులో దొరకక, సొంత మనుషులతోనే ఎవర్‌గ్రీన్ అనేదాన్ని రాయించుకుని 2006లో మొదలుపెట్టింది. చేరినవి చాలామటుకు చిన్న ఊళ్లవే. ఒక్క కార్డుంటే ఏ ఊరి పుస్తకమైనా తమ ఊరికి తెప్పించుకోవచ్చు.

"సాఫ్ట్‌వేర్ తేలికేనండీ, పుస్తకం పోతే ఎవరు కట్టాలన్నదే మీటింగు" అని పెద్దాయన నవ్వారు. బెళతూరు పుస్తకం కాడుగోడి పాఠకుడి దగ్గర పోతే? ఎవరి పాఠకుడో ఆ బీరువా కట్టుకోవాలి, మళ్లీ దొరకని పుస్తకమైతే ఫొటోకాపీ తీయించి బైండు చేసి ఇవ్వాలి. ఈ వాక్యం మీద చాలాకాలం వాదించుకున్నారట. బ్యాంకులో శాఖల మధ్య లెక్కలు సరిచూసిన అనుభవం ఇక్కడ ఆయనకు పనికొచ్చింది. అడిగిన పుస్తకాలు శనివారం పొద్దున స్కూటరు మీద తిరుగుతాయి. సొంత బీరువా పాఠకులు ఎదురుచూస్తుంటే ముందు వాళ్లకే, ఆ తర్వాతే పక్కవాళ్లకు.

నాకు నచ్చిన నిబంధన వేరే ఉంది. చోటు చాలక ఏ బీరువా అయినా పాతవి తీసేయాలనుకుంటే ముందు జాబితా చూడాలి. మిగతా మూడింటిలో ఎక్కడా లేకపోతే ఆ ప్రతి గుజరీ అంగడికి పోకూడదు, కాడుగోడికి రావాలి. టీచరమ్మ కింది అర లాగి చూపించారు: అట్టలు ఊడిన పాత నవలలు, ఏవో పత్రికల విడి సంచికలు, చిల్లులు పడ్డ ఒక నిఘంటువు. ఎవరూ అడగనివి. "అడిగినవాడు ఒక్కడు వస్తే చాలు కదా" అన్నారావిడ.

ఆమె మాటకు రుజువు శ్రీకాకుళంలో ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో అక్కడ కథానిలయం పెట్టినప్పుడు, పాత పత్రికల సంచికలు ఒకరి అటక మీద ఒకటి, ఇంకొకరి పెట్టెలో ఒకటిగా ఉండేవి. పాఠకులూ రచయితలూ పంపినవాటితోనే ఆ భవనం నిండింది. తర్వాత బెంగళూరులో పుట్టిన మనసు ఫౌండేషన్ వాటిని స్కాన్ చేయించడానికి పూనుకుంది. ఇవాళ శ్రీకాకుళం వెళ్లకుండానే ఎన్నో కథలు తెర మీద చదువుకోగలుగుతున్నాం. కట్టినవాళ్లొకరు, ఇచ్చినవాళ్లొకరు, స్కాన్ చేసినవాళ్లొకరు.

మనకిది కొత్త కూడా కాదు. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914లో బెజవాడలో గ్రంథాలయాల సభ జరిగింది, ఎక్కడికక్కడ పుట్టిన గ్రంథాలయాలు ఒక సంఘంగా కట్టుకున్నాయి. పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. శనివారం స్కూటరు సంగతి విన్నప్పుడు నాకా పడవే గుర్తొచ్చింది. తర్వాత చట్టాలొచ్చాయి: మద్రాసు 1948, హైదరాబాదు 1955, రెండింటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ 1960. ఇంటిపన్ను మీద సెస్సుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి. డబ్బుకు దారి ఏర్పడింది, కానీ ఒక జిల్లాలో ఉన్న పుస్తకం పక్క జిల్లా పాఠకుడికి తెలిసే దారి మాత్రం ఇప్పటికీ సరిగా లేదు.

కర్ణాటక చట్టం 1965ది. దాని వెనక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ఆలోచన ఉంది. ఆయన చివరి ఏళ్లు బెంగళూరులోనే గడిపి 1972లో ఇక్కడే పోయారు. ఆయన 1962లో నెలకొల్పిన డాక్యుమెంటేషన్ కేంద్రం ఇదే పర్పుల్ లైన్ పడమటి కొస వైపు, మైసూరు రోడ్డు మీద ఉంది. మధ్యలో కబ్బన్ పార్కులో దిగితే శేషాద్రి అయ్యర్ స్మారక భవనం, ఆ ఎర్ర భవనంలో 1915 నాటి కేంద్ర గ్రంథాలయం. రాష్ట్రంలో అచ్చయిన పుస్తకాలు చేరాల్సిన చోటు అది. ఆస్తిపన్ను మీద రూపాయికి ఆరు పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలైన సెస్సు గ్రంథాలయ శాఖకు చేరకుండా బకాయి పడుతోందని పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. "ఆరు పైసలు మేమూ కడుతున్నాం కదండీ, మా జాబితా వాళ్లకిస్తాం, వాళ్ల తెలుగు జాబితా మాకివ్వమని అడగాలనుంది" అన్నారు పెద్దాయన. ఇంకా అడగలేదు. అడగాలి. ప్రభుత్వ శాఖలో కన్నడానికి మొదటి పీట ఉండడం న్యాయమే. జాబితా కలపడానికి ఆ పీట అడ్డు రాదు.

దూరపు ఊళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఒక దశలో కష్టమైంది. పుస్తకాలకని తపాలా శాఖలో ఉన్న చౌక రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. అప్పుడు కొరియరు ఖర్చు చాలాసార్లు పుస్తకం ధరను మించేది. చిన్న గ్రంథాలయాలకు ఇంత నష్టం చేసిన నిర్ణయం మీద మన పత్రికల్లో రావలసినంత రాలేదు.

వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆ మదనపల్లె అతను అడిగాడు: "సార్, యండమూరివి ఉన్నాయా లోపల?" ఉన్నాయన్నాను. "మాకు ఇవ్వరు కదా, ఫ్లాట్ నంబర్ ఉండాల." వెనక్కి వెళ్లి టీచరమ్మను అడిగితే ఆమె ఇబ్బందిపడ్డారు. కార్డు ఫారంలో ఫ్లాటు నంబరు తప్పనిసరి, అది అసోసియేషన్ నిబంధన, మార్చాలని రాసి ఇచ్చారట, ఇంకా తేలలేదు.

నాలుగు గేట్ల మధ్య పుస్తకాన్ని తిప్పగలిగినవాళ్లు గేటు బయటికి తిప్పలేకపోతే, అది నలుగురి సొంత బీరువాల ఒప్పందమే అవుతుంది, ప్రజా గ్రంథాలయం కాదు. కాడుగోడి మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈసారి మీటింగులో పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న వాదన కాసేపు ఆపి, ఆ ఫారంలో ఫ్లాటు నంబరు గడి కొట్టేయండి. ఫోను నంబరు చాలు.