జ్వరం వచ్చిన కారు

బిడ్డ ఒళ్ళు కాలుతుంటే థర్మామీటరు చూసి ఊరుకునే తల్లి ఉండదు. కారులో సూది ఎర్రగీతను తాకితే మాత్రం "ఇంకో పది మైళ్ళేగా" అనని మగవాడు అరుదు. గుంటూరులో వైద్యం చదివి, ఇక్కడ అత్యవసర విభాగాల్లో పనిచేస్తున్న మా దంపతులకు ఆ పది మైళ్ళు ఎక్కడ తేలతాయో తెలుసు.

దక్షిణ కాలిఫోర్నియాలోని మనవాళ్ళకు లాస్ వేగస్ ప్రయాణం తప్పనిది. ఇంటర్‌స్టేట్ 15 మీద బేకర్ దాటాక ఎడారిలో దారి మైళ్ళ తరబడి ఎగువకే. జులైలో అక్కడ 43 డిగ్రీల సెల్సియస్ ఎండ మామూలే. ఇంజను వేడెక్కకుండా ఎయిర్ కండిషనర్ ఆపమని బోర్డులు పెట్టింది ఊరికే కాదు.

రేడియేటరులో దాదాపు సగం నీళ్ళు, సగం ఎథిలీన్ గ్లైకాల్. మూత ఒత్తిడిని బిగబట్టి ఉంచడం వల్ల ఆ ద్రవం 120 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి పోయి, అది ఆ క్షణమే ఆవిరై ఎగజిమ్ముతుంది. ఆవిరి పోకముందే ప్రెషర్ కుక్కర్ మూత లాగడం లాంటిదే.

ఒక వేసవి మధ్యాహ్నం ఒక తెలుగు కుర్రవాడిని తీసుకొచ్చారు. గడ్డం, ఛాతీ, ముంజేయి బొబ్బలెక్కి ఉన్నాయి. చేతికి తువ్వాలు చుట్టుకుని మూత తిప్పాడట. "తిరుమల ఘాట్ రోడ్డులో మా నాన్నగారు ఇలాగే తిప్పేవారండీ డాక్టరు గారూ" అన్నాడు. బానెట్ ఎత్తి నిలబడ్డ అంబాసిడర్లను చూస్తూ పెరిగిన మాకు ఆ మాట కొత్త కాదు. అదృష్టం కొద్దీ కళ్ళు దక్కాయి. అతనికంటె మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఏడు నెలల పాప. గంటకు పైగా ఎండలో ఉండి, ఏడుస్తున్నా కంట నీరు రావడం లేదు. సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి తేరుకుంది.

సూది పైకి పోతుంటే ఎయిర్ కండిషనర్ ఆపి, హీటరు పూర్తిగా తిప్పండి. ఎండలో హీటరేమిటని నవ్వకండి, ఇంజను వేడిని కొంత అది లాగేస్తుంది. వీలైన మొదటి చోటే పక్కకు తీసి ఇంజను ఆపండి. ఎర్రగీత మీది సూది హఠాత్తుగా జారితే సంబరపడకండి. ద్రవమంతా కారిపోయి, వేడిని కొలిచే సాధనం ఒట్టి గాలిలో మిగిలినా సూది అలాగే జారవచ్చు. ఒళ్ళు చల్లబడిపోతున్న రోగిని చూసి జ్వరం తగ్గిందనుకున్నట్టే. ఆ మీదట నడిపితే అల్యూమినియం హెడ్ వంగి, ఇంజనే పోతుంది.

ఇంజను పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. ఒళ్ళు కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచండి. ఐసు, సిరా, పసుపు, టూత్‌పేస్టు ఏవీ వద్దు.

టో ట్రక్కుకు పోసే డాలర్లు ఎవరికైనా బాధే. కాని కారుకు మరో ఇంజను దొరుకుతుంది. ఈ వేసవిలో బయలుదేరేవారు తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు చూసుకోండి. పులిహోర డబ్బాల పక్కన మనిషికి ఒక గాలన్ చొప్పున మంచినీళ్ళు పెట్టుకోండి. అవి మీకూ పిల్లలకూ. కారుకు వేరే క్యాను.